పిల్లలతో మాట ‘నువ్వు’తో మొదలవ్వాలా, ‘నాకు’తోనా?

ట్యూషన్ అయిపోయి ఎనిమిదింటికి ఇంటికి రావాల్సిన కూతురు తొమ్మిదిన్నర దాకా రాలేదు. ఫోన్ స్విచ్చాఫ్. అమ్మీ గుమ్మానికీ వంటింటికీ మధ్య ఇరవైసార్లు తిరిగింది. దాదీ తస్బీహ్ పట్టుకుని అలాగే కూర్చుంది. పిల్ల గడప తొక్కగానే అమ్మీ నోటి నుంచి వచ్చిన మొదటి మాట: “ఎక్కడ తిరుగుతున్నావే ఇంతసేపు? బుద్ధుందా నీకు? నిన్ను నమ్మడం మాదే తప్పు.” పిల్ల చెప్పులు విడిచి తిన్నగా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. బస్సు మధ్యలో ఆగిపోయిందనీ, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయిందనీ, చీకట్లో నడిచి వస్తుంటే తనకీ భయమేసిందనీ చెప్పాలనుకుంది. చెప్పలేదు.

ఆ గంటన్నరసేపూ అమ్మీ మనసులో ఉన్నది భయం. నోటికి వచ్చింది నింద. పిల్లకు వినబడింది ఆ నిందే. లోపలున్న మాట ఒకటి, బయటికి వచ్చే మాట ఇంకొకటి కావడం చాలా ఇళ్ళలో రోజూ జరిగేదే. మనసులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా, ఎదుటివారి పరువు తీయకుండా చెప్పడం ఎలా అన్నదానికి మానసిక నిపుణులు ఒక పద్ధతి చెప్పారు. దానికి ‘ఐ-మెసేజ్’ అని పేరు. పేరు ఇంగ్లీషుదే అయినా మన తెలుగు, ఉర్దూ వాక్యాల్లో అది ఎంత సులభంగా ఒదుగుతుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

పద్ధతి ఎక్కడిది?

థామస్ గోర్డన్ (1918–2002) అమెరికా మానసిక శాస్త్రవేత్త. ప్రసిద్ధ నిపుణుడు కార్ల్ రోజర్స్ దగ్గర పనిచేసినవాడు. 1962లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో తల్లిదండ్రుల కోసం ఒక శిక్షణ తరగతి మొదలుపెట్టాడు. పిల్లల్లోనే ఏదో లోపం ఉందనుకుని వాళ్ళను డాక్టర్ల చుట్టూ తిప్పడం కన్నా పెద్దలకు మాట్లాడే తీరు నేర్పితే చాలా గొడవలు ఇంట్లోనే తీరతాయన్నది ఆయన నమ్మకం. ఆ తరగతుల సారమే 1970లో ‘పేరెంట్ ఎఫెక్టివ్‌నెస్ ట్రైనింగ్’ అనే పుస్తకంగా వచ్చింది. తర్వాత ఉపాధ్యాయులకూ, ఆఫీసుల్లో పై అధికారులకూ ఇదే పద్ధతిని విస్తరించాడు.

దాదాపు అదే కాలంలో హైమ్ గినాట్ అనే మరో నిపుణుడు, ఒకప్పుడు తానే బడిపంతులు, 1965లో ‘బిట్వీన్ పేరెంట్ అండ్ చైల్డ్’ రాశాడు. పిల్లవాడు చేసిన పని గురించి మాట్లాడండి, పిల్లవాడి గుణం గురించి తీర్పు చెప్పకండి అన్నది ఆయన పుస్తకంలో అసలు విషయం. పాలు ఒలికితే “పాలు ఒలికాయి, గుడ్డ తెచ్చి తుడుద్దాం” అనాలి గానీ “నీ చేతులు విరగ, నీకేదీ చేతకాదు” అనకూడదన్నమాట. ఆయన దగ్గర నేర్చుకున్న అడెల్ ఫేబర్, ఎలైన్ మజ్లిష్ అనే ఇద్దరు తల్లులు 1980లో రాసిన పుస్తకం చాలా దేశాల్లో ఇంటింటికీ చేరింది.

మూడు ముక్కల మాట

గోర్డన్ చెప్పిన ఐ-మెసేజ్‌లో మూడు భాగాలుంటాయి. ఏం జరిగిందో నింద లేకుండా చెప్పడం ఒకటి. దానివల్ల నాకు ఏమనిపించిందన్నది రెండోది. నాకు నిజంగా ఏం ఇబ్బంది అయిందన్నది మూడోది. మొదట చెప్పుకున్న అమ్మీ ఇదే మాట ఇలా అనుంటే?

“ఎనిమిదికి వస్తానన్నావు, తొమ్మిదిన్నర అయింది. ఫోన్ కలవలేదు. నాకు చాలా భయమేసింది బేటా. వంట సగంలో వదిలేసి గుమ్మంలోనే నిలబడిపోయాను.”

ఇందులో పిల్లను తిట్టిన మాట ఒక్కటీ లేదు. అలాగని ఆలస్యాన్ని సరేలే అని వదిలేసిందీ లేదు. అమ్మ మనసు ఎంత తల్లడిల్లిందో పిల్లకు తెలుస్తుంది. తనను తాను కాపాడుకోవాల్సిన అవసరం లేదు కాబట్టి బస్సు సంగతి చెబుతుంది. ఈసారి పక్కనున్నవాళ్ళ ఫోన్ అడిగి ఒక్క ముక్క చెప్పమంటే ఒప్పుకుంటుంది కూడా.

ఇక్కడే మన భాషల సంగతి ఒకటి గమనించాలి. ఇంగ్లీషులో ఈ వాక్యం ‘నేను’తో మొదలవుతుంది. తెలుగులో మనసు సంగతులకు మనం ఎక్కువగా వాడేది ‘నేను’ కాదు, ‘నాకు’. నాకు భయమేసింది, నాకు కోపం వచ్చింది, నాకు దిగులుగా ఉంది, నాకు సిగ్గేసింది. ఉర్దూలోనూ అంతే: ముఝే డర్ లగా, ముఝే గుస్సా ఆయా. భయం, కోపం, దిగులు అన్నీ మనిషికి ‘వచ్చేవి’, ‘వేసేవి’. అవి వచ్చాయని చెప్పడమే తప్ప ఎవరో వాటిని తెచ్చిపెట్టారని వేలెత్తి చూపించడం ఆ వాక్యంలో లేదు. ఐ-మెసేజ్ కోసం అమెరికా వాళ్ళు తరగతులు పెట్టుకుని సాధన చేయాల్సి వచ్చింది. మనకు వాక్యం నిర్మాణంలోనే సగం పని అయిపోయింది. దాన్ని వాడుకోవడం మానేశాం, అంతే.

‘నువ్వు’ కనిపించని నిందలు

మాటలో ‘నువ్వు’ లేనంత మాత్రాన నింద లేనట్టు కాదు. తెలుగులో ‘నువ్వు’ అనకుండానే క్రియ చివర అది వచ్చి కూర్చుంటుంది. “చదవవు, వినవు, చెప్పింది చెయ్యవు” అనే మాటలో ‘నువ్వు’ అన్న పదం ఎక్కడా లేదు, నింద మాత్రం మూడుసార్లుంది. “కళ్ళు కనబడట్లేదా?”, “ఎన్నిసార్లు చెప్పాలి?” లాంటివి చూడ్డానికి ప్రశ్నలు. జవాబు కోసం అడిగేవి కావు. పిల్లవాడు అమాయకంగా “నాలుగుసార్లు చెప్పావమ్మా” అన్నాడంటే ఇంకో రెండు తగులుతాయి. ‘ఎప్పుడూ’, ‘ఒక్కసారైనా’ అనే మాటలూ ఇలాంటివే. “ఎప్పుడూ ఇంతే” అనగానే పిల్లలు తాము మాట విన్న రోజులన్నీ లెక్క తీసి వాదనకు దిగుతారు. అసలు విషయం పక్కకు పోతుంది.

ఉర్దూ మాట్లాడే చాలా ఇళ్ళలో పిల్లలను ‘ఆప్’ అని పిలవడం అలవాటు. వాళ్ళకూ అదబ్ వస్తుందని. మంచిదే. అయితే ‘ఆప్ బహుత్ బద్‌తమీజ్ హైఁ’ అన్నా అది తిట్టే. పిలుపులో గౌరవం ఉండి వాక్యంలో అవమానం ఉంటే పిల్లలు పట్టుకునేది రెండోదాన్నే.

“నువ్వు బద్ధకస్తుడివని నాకు అనిపిస్తోంది” అనేది కూడా ఐ-మెసేజ్ కాదు. ముందు ‘నాకు’ తగిలించిన తిట్టు. అనిపించడం వేరు, మనసులో కలిగింది చెప్పడం వేరు. ‘అనిపిస్తోంది’ తీసేసి చూస్తే మిగిలేది ఎదుటివారి గురించిన తీర్పు అయితే, ఆ వాక్యాన్ని మార్చుకోవాల్సిందే.

ఇంకో రకం ఉంది, అది మన ఇళ్ళలో మరీ ఎక్కువ. “నా ప్రాణం తీస్తున్నావు”, “నేను చస్తే గానీ నీకు తెలిసిరాదు”, “నా కడుపున ఎందుకు పుట్టావురా”. వీటి నిండా ‘నా’, ‘నేను’ ఉన్నాయి, బాధా ఉంది. కానీ లెక్కల పరీక్షలో మార్కులు తగ్గినందుకు అమ్మ ప్రాణం పోతుందంటే ఆ భారం పదేళ్ళ పిల్లవాడు మోయలేడు. కొన్నాళ్ళకు నమ్మడం మానేస్తాడు, అప్పుడు నిజంగా బాధపడి చెప్పినా చెవికెక్కదు. జరిగినదానికి తగినంత బాధే చెప్పాలి. చిరాకు వేస్తే చిరాకనే అనాలి, గుండె పగిలిందనకూడదు.

కోపం అడుగున ఏముంది?

గోర్డన్ కోపం గురించి ఒక మాట అన్నాడు. కోపం చాలాసార్లు మొదటి భావం కాదు, రెండోది. దానికి ముందు ఇంకోటి వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది. హైదరాబాద్ నాంపల్లిలో ప్రతి ఏడూ జనవరిలో మొదలయ్యే నుమాయిష్‌నే తీసుకోండి. జనంలో ఆరేళ్ళ పిల్లవాడు చెయ్యి విడిపించుకుని తప్పిపోయాడు. పది నిమిషాల తర్వాత బొమ్మల దుకాణం ముందు దొరికాడు. దొరకగానే అబ్బా వీపు మీద ఒక్కటి వేశాడు. ఆ పది నిమిషాలూ ఆయనకు ఉన్నది కోపం కాదు కదా, కాళ్ళు చేతులు ఆడని భయం. దొరికిన క్షణంలో వచ్చింది సంతోషం. పిల్లవాడికి అందింది మాత్రం దెబ్బ. వాడికి అర్థమయ్యేది ఏమిటంటే అబ్బాకు దొరక్కుండా ఉంటేనే మంచిదని!

కాబట్టి కోపం వచ్చినప్పుడు, నోరు తెరిచే ముందు, దీనికి ముందు నాకేమైంది అని ఒకసారి చూసుకోవాలి. భయమా, చుట్టాల ముందు చిన్నతనమా, ఒళ్ళు అలిసిపోయి ఉండడమా, చేసినదాన్ని ఎవరూ గుర్తించలేదనే బాధా? ఆ మొదటిదాన్ని చెబితే పిల్లలు వింటారు. కోపాన్ని చెబితే ఎదురు తిరుగుతారు, లేదా ముడుచుకుపోతారు.

వాళ్ళు ఎదురు చెప్పినప్పుడు

ఎంత పద్ధతిగా చెప్పినా పిల్లలు వెంటనే “సారీ అమ్మీ” అంటారనుకోవడం అత్యాశ. అక్కడే చాలామంది ఈ పద్ధతి పనిచెయ్యదని వదిలేస్తారు. నిజానికి పద్ధతిలో సగభాగం అక్కడ మొదలవుతుంది. ఎదుటివారు బదులు పలికినప్పుడు మన మాట గట్టిగా మళ్ళీ చెప్పకుండా, గేరు మార్చి, వాళ్ళ మాట వినాలి. ఇంటర్ చదివే కొడుకు, ఉద్యోగానికి వెళ్ళే తల్లి ఉన్న ఇంట్లో ఇలా నడవొచ్చు.

“రాత్రి ఒంటిగంట దాకా నీ ఫోన్ వెలుగుతూనే ఉంది. పొద్దున నాలుగుసార్లు లేపితే గానీ లేవలేదు. అటు టిఫిన్, ఇటు నా బస్సు. నాకు చేతులాడట్లేదురా, నిన్న ఆఫీసుకి కూడా లేటయింది.”

“అందరూ ఆన్‌లైన్‌లో ఉంటారమ్మీ. నేనొక్కడినే ముందు పడుకుంటే ఎగతాళి చేస్తారు.”

ఇక్కడ నాలుక చివర సిద్ధంగా ఉండే మాట అందరికీ తెలిసిందే: వాళ్ళు బావిలో దూకితే నువ్వూ దూకుతావా? దాన్ని మింగేసి, అతను చెప్పిందే తిరిగి అడగాలి.

“నువ్వొక్కడివే వెళ్ళిపోతే వాళ్ళలో చులకనైపోతావని ఉంది.”

“అదొక్కటే కాదు. ఫిజిక్స్ నోట్స్ గ్రూపులో పెట్టేది పన్నెండు దాటాకే. అది చూడకపోతే టెస్టులో దొరికిపోతా.”

ఎగతాళి దగ్గర మొదలైన మాట ఫిజిక్స్ దగ్గరికి వచ్చింది. అసలు దిగులు అది. ఇప్పుడు ఇద్దరూ కలిసి దారి వెతకొచ్చు: నోట్స్ పొద్దున చూసుకోవడం, పదకొండుకి ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టడం, అలారం తనదే తనే పెట్టుకోవడం, వారం తర్వాత ఎలా నడిచిందో మళ్ళీ మాట్లాడుకోవడం. ఇద్దరిలో ఎవరూ ఓడిపోని ఈ మూడో దారిని గోర్డన్ ఆరు మెట్లుగా విడగొట్టాడు గానీ ఇంట్లో మెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోనవసరం లేదు. పరిష్కారం పిల్లవాడి నోటి నుంచి కూడా కొంత రావాలి, తర్వాత ఒకసారి సరిచూసుకోవాలి. ఆ రెండూ మరవకపోతే చాలు.

వినడానికి అడ్డుపడే మాటలు పన్నెండు రకాలని కూడా ఆయన పట్టిక వేశాడు. ఆజ్ఞ, బెదిరింపు, నీతిబోధ, ఎగతాళి వగైరా మనం ఊహించేవే. ఆ పట్టికలో పొగడ్త, ఓదార్పు, సలహా కూడా ఉన్నాయంటే మాత్రం వింతగా ఉంటుంది. పిల్ల ఏడుస్తూ వచ్చి “నాతో ఎవరూ మాట్లాడట్లేదు” అంటే “ఏం కాదులే, నువ్వు బంగారానివి, వేరే ఫ్రెండ్స్‌ని చూసుకో” అంటాం. అంతా ప్రేమే. కానీ పిల్ల చెప్పాల్సింది ఇంకా మొదలే కాలేదు, మనం తలుపు మూసేశాం. అలాంటప్పుడు కష్టం పిల్లది, మనది కాదు. ఆ సమయంలో మన మనసు సంగతి చెప్పడం కూడా సందర్భం కాదు. వినడమే పని.

మెచ్చుకోవడానికీ ‘నాకు’ పనికొస్తుంది. “గుడ్ బాయ్” అన్నది తీర్పే, మంచి తీర్పు. “చెల్లిని స్కూల్ నుంచి నువ్వు తీసుకొచ్చావు, నాకు కాసేపు నడుం వాల్చే తీరిక దొరికింది” అంటే తాను చేసింది ఎవరికి ఎలా పనికొచ్చిందో పిల్లవాడికి తెలుస్తుంది.

ఎక్కడ పనిచెయ్యదు?

కొడుకు జుట్టు వింతగా కత్తిరించుకున్నాడు. కూతురు వేరే కోర్సు చదువుతానంటోంది. నమాజ్ విషయంలో అశ్రద్ధ చేస్తున్నాడు. ఇలాంటివాటిలో మూడో భాగం, అంటే “నాకు ఇబ్బంది అయింది” అన్నది చెప్పడం కష్టం. జుట్టు వల్ల అమ్మ పని చెడదు కదా. ఇవి విలువల తేడాలు. వీటికి గోర్డన్ చెప్పింది వేరే దారి. తాము నమ్మినట్టు తాము నడిచి చూపించడం, తెలిసిన నాలుగు సంగతులు ఒకసారి శ్రద్ధగా, తయారై చెప్పడం. చెప్పాక వదిలెయ్యడం. రోజూ చెప్పే సలహాదారును ఎవరూ రెండోసారి పిలవరన్నది ఆయన లెక్క. ఇది ఒప్పుకోవడం తల్లిదండ్రులకు అన్నిటికన్నా కష్టమైన భాగం, అందులో సందేహం లేదు.

మాటలు రాని పసిపిల్లలకు వాక్యాలతో పని లేదు. ఒళ్ళో కూర్చుని జుట్టు పీకే బుడతడిని మెల్లగా కిందికి దించితే అదే ‘నాకు నొప్పిగా ఉంది’ అన్న మాట. ఇక రోడ్డు మీదికి పరిగెత్తేవాడిని ముందు పట్టుకోవాలి, మాట తర్వాత.

గల్ఫ్‌లో ఉన్న అబ్బా

తండ్రి దుబాయ్‌లోనో, సౌదీలోనో ఉండే ఇళ్ళు మన దగ్గర ఎన్నో. వారానికి రెండుమూడుసార్లు వీడియో కాల్, అదీ పదిహేను ఇరవై నిమిషాలు. అందులో మొదటి పది నిమిషాలు ఇంట్లోవాళ్ళ ఫిర్యాదులు, తర్వాత పిల్లవాడిని పిలిచి ఫోన్‌లోనే పంచాయతీ. కొన్నాళ్ళకు అబ్బా ఫోన్ అంటేనే పిల్లవాడు బాత్రూంలోకి దూరతాడు. తన కళ్ళముందు జరగని పని గురించి తండ్రి తీర్పు చెప్పడం కన్నా తన సంగతి చెప్పడం మేలు: “నీ ముఖం చూడాలని డ్యూటీ నుంచి పరుగున వచ్చా, రెండుసార్లు ఫోన్ తియ్యలేదు, నాకు వెలితిగా అనిపించింది.” ఇంట్లో గొడవను ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళే తేల్చుకుని, కాల్‌ని కాల్‌గా ఉంచితే దూరం పెరగదు.

పెద్దవాళ్ళతో, బడిలో

పెద్దలతో మాట్లాడేటప్పుడు మనసులో మాట చెప్పడమే మర్యాద తక్కువ అనుకునే ఇళ్ళున్నాయి. చెప్పకపోతే అది వంటింట్లో గిన్నెల చప్పుడుగా బయటికి వస్తుంది. అత్తగారు మనవరాలిని నలుగురి ముందు “నల్లపిల్ల” అంటుంటే కోడలు “మీరు అలా అనొచ్చా?” అంటే యుద్ధమే. ఎవరూ లేనప్పుడు, కాస్త టీ తాగుతూ, “అత్తమ్మా, నిన్న చుట్టాల ముందు రంగు మాట వచ్చినప్పుడు పాప ఆ రాత్రి అన్నం తినలేదు. నాకు చాలా కష్టంగా అనిపించింది. మీరు దగ్గరికి తీసుకుంటే దానికి ధైర్యం వస్తుంది” అనొచ్చు. చివర్లో చిన్న విన్నపం ఉంది చూడండి. ఏం చేస్తే బాగుంటుందో అడగడాన్ని మార్షల్ రోజెన్‌బర్గ్ అనే నిపుణుడు తన ‘అహింసాయుత సంభాషణ’ పద్ధతిలో నాలుగో భాగంగా చేర్చాడు. చూసింది, అనిపించింది, కావలసింది, అడిగేది అన్నది ఆయన వరస. పెద్దవాళ్ళ దగ్గర ఆ నాలుగోది చాలా పనికొస్తుంది. తప్పు ఒప్పుకోమని అడగట్లేదు, సాయం అడుగుతున్నాం కాబట్టి.

టీచర్‌తోనూ అంతే. క్లాసులో అందరి ముందు ‘మొద్దు’ అన్నారని పిల్లవాడు చెబితే గేటు దగ్గర గొడవ పడకుండా టైమ్ అడిగి కలవాలి. “మా బాబు మూడు రోజులుగా బడికి రానని ఏడుస్తున్నాడు సార్, మాకు దిగులుగా ఉంది, క్లాసులో ఏం జరుగుతోందో తెలుసుకుందామని వచ్చాం” అని మొదలుపెడితే చాలామంది టీచర్లు మాట్లాడతారు. మాట్లాడకపోతే చట్టం ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో పిల్లలను కొట్టడమే కాదు, మానసికంగా వేధించడమూ నేరుగా నిషేధం. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణ చెబుతుంది. మన దేశం 1992 డిసెంబరులో అందులో చేరింది.

కొన్నిసార్లు పిల్లల మౌనం మాటతో తెరుచుకోదు. నిద్ర, తిండి తగ్గిపోయి, స్నేహితులను వదిలేసి, బతకాలని లేదన్న మాట నోటి వెంట వస్తే అది క్రమశిక్షణ సమస్య కాదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. కేంద్రప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లోగానీ బయటగానీ పిల్లలకు హాని జరుగుతుంటే 1098కి పిల్లలే స్వయంగా చెయ్యొచ్చు. ఆ రెండు నంబర్లు ఫ్రిజ్ తలుపు మీదో, క్యాలెండర్ పక్కనో పిల్లల కంటికి ఆనేంత ఎత్తులో రాసి పెట్టాలి.